పసుపుదారం కట్టిన డజను

1944 ఆగస్టులో ఒక సోమవారం, పదకొండు కావడానికి పది నిమిషాలుండగా నాకు మొదటిసారి భయం వేసింది. బెంచి డ్రిల్లులో తిరుగుతున్న బిట్టు గరగరమనడం మాని కీచుమంది. మంచి బిట్టు ఉక్కును తొలిచేటప్పుడు సన్నటి లోహపు చుట్టలు పైకి లేస్తాయి. ఆ రోజు చుట్టలు లేవలేదు, పొగ లేచింది.

యుద్ధం కోసం చిత్తూరులో పెట్టిన సాంకేతిక శిక్షణ కేంద్రంలో నేనప్పుడు స్టోర్సు పరీక్షా సహాయకురాలిని. భౌతికశాస్త్రంలో బి.ఏ. చదివినందుకు దొరికిన తాత్కాలిక ఉద్యోగం. నా పైన స్టోర్సు సూపరింటెండెంటు, ఆయన పైన ప్రిన్సిపాలు. కొన్న పనిముట్లను పరీక్షించి, రిజిస్టరులో ‘తీసుకోవచ్చు’ అనో ‘తిప్పి పంపాలి’ అనో రాసి సంతకం చేయడం నా పని. యంత్రం నడిపేది మస్తాన్ సాయిబు, తల నెరిసిన ఫిట్టరు. ఎన్ని రంధ్రాలకు, ఎంతసేపటికి మొన మొద్దుబారిందో నేను గడియారం చూసి రాసేదాన్ని.

పెట్టెకు పన్నెండు బిట్లు తీయాలి. నాలుగు టేకు చెక్క మీద, నాలుగు ఇత్తడి మీద, నాలుగు పావంగుళం ఉక్కు పట్టీ మీద. ఏ పన్నెండు తీయాలో మాత్రం నిబంధనలో లేదు. చవగ్గా సరఫరా చేసే కాంట్రాక్టరుది తిరుపతి. ప్రతి పెట్టెలోనూ పైన ఒక డజను పసుపుదారం కట్టి, కుంకుమ పెట్టి ఉండేవి. స్వామి పాదాల దగ్గర పెట్టి తెచ్చినవని చెప్పేవాడు. మంగళకరమని అందరం ముందు ఆ కట్టే విప్పేవాళ్ళం. మూడు నెలలు నేనూ వాటినే పరీక్షించి సంతకాలు పెట్టాను. ఆ తప్పు నాది.

ఆ సోమవారం పై కట్టును ఎవరో అప్పటికే తరగతికి తీసుకుపోయారు. అందుకని మస్తాన్ సాయిబు పెట్టె అడుగున చెయ్యి పెట్టాడు. ఆ బిట్లు టేకులో దిగాయి, ఇత్తడిలోనూ దిగాయి. ఉక్కు మీద పెట్టిన మొదటిది రెండో రంధ్రానికే కీచుమని, మొన నీలం తిరిగింది. రెండోది విరిగి, ముక్క ఎగిరి ఆయన కనుబొమ్మను చీల్చింది. మరి కాస్త కిందికి తగిలి ఉంటే కన్ను పోయేది.

ఆయన తువ్వాలుతో నెత్తురు అదుముకుని, విరిగిన బిట్టు మీద ఆకురాయి రుద్దాడు. గట్టి ఉక్కు మీద జారిపోవలసిన ఆకురాయి దీన్ని కొరికేసింది.

“ఇది ఉక్కు గాదమ్మా. పారేసిన పాత గుజిరీ ఇనుముకు నల్లరంగు పూసినారు. చెవిలో గుబిలి తీసుకొనేదానికి బాగుంటాది.”

మూడు నెలలుగా స్టోర్సులో చేరిన ఈ పెట్టెలతోనే మరుసటి వారం నుంచి నలభై మంది కొత్త శిక్షణార్థులు పని నేర్చుకోవాలి. నేను ‘తిప్పి పంపాలి’ అని రాశాను. సూపరింటెండెంటు రిజిస్టరు నా వైపు తోశాడు.

“స్వామి కాడ పెట్టి తెచ్చిన సరుకును గూడా అనుమానిస్తే ఇంక యాడికి పోతామమ్మా? టేకులో దిగినాయి గదా. అంతవరకు రాసి సంతకం పెట్టు. పిల్లల తల్లివి, నీకెందుకీ ఇనుము గోల?”

టేకులో దిగిన మాట నిజమే. ఆ నిజాన్ని అడ్డం పెట్టి మిగతాది దాచమంటున్నాడు. నా ఒళ్ళు మండింది. కుంకుమ అడ్డం పెట్టుకుని పిల్లల కళ్ళతో బేరమాడేవాడికి ఈయన పెద్దమనిషి పూచీ! విరిగిన ముక్కలు కాగితంలో చుట్టుకుని ప్రిన్సిపాలు గదికి వెళ్ళాను. వెనకే సూపరింటెండెంటు వచ్చి, ఆడమనిషి చేతికి ఒత్తిడి తెలియక బిట్లు విరిగాయని చెప్పాడు.

గుమ్మంలో నిలబడిన మస్తాన్ సాయిబు ఊరుకోలేదు. “నొక్కింది నేను సార్. ఆయమ్మ చేతిలో ఉండింది గడియారం. ఇరవై ఏండ్లుగా నొక్కతా ఉండా, నాకూ ఒత్తిడి తెలీదని రాసుకోండి.”

ప్రిన్సిపాలు ప్రతి పెట్టెలో పై నుంచి, నడుమ నుంచి, అడుగు నుంచి తీయించి తన ఎదుటే పరీక్ష చేయించాడు. పై కట్లు నిలిచాయి, మిగతావి నిలవలేదు. సరుకంతా తిరిగి వెళ్ళింది. ఇకమీదట మూడు వరుసల నుంచీ తీయాలని ఉత్తర్వు వచ్చింది. అందులో నా పేరు లేదు. నా పేరున్న కాగితం ఆ సాయంత్రమే వేరుగా వచ్చింది. చిన్నపిల్లల తల్లి కావడం వల్ల నాకు ఏకాగ్రత చాలడం లేదని సూపరింటెండెంటు సిఫారసు చేశాడట. మరునాటి నుంచి రానక్కరలేదు. ఆయన మాత్రం ఆ కుర్చీలోనే ఉన్నాడు.

నాలుగేళ్ళయింది. పిల్లలు నిద్రపోయాక ఇది రాస్తున్నాను. మస్తాన్ సాయిబు కనుబొమ్మ తలపుకొచ్చినప్పుడల్లా లేచి వాళ్ళ మొహాలు చూసి వస్తాను.

ఈ ఉదంతం నేర్పింది ఒకటే: నమూనాను ఎంచుకునే హక్కు అమ్మేవాడికి వదిలితే అది పరీక్ష కాదు.

ఆ కాగితం అందిన మర్నాడు పొద్దున, పనికి వెళ్తాననుకుని నా గొడుగు తెచ్చి గడపలో పెట్టిన మా పెద్దమ్మాయి, నన్ను రావద్దన్నారని చెబితే, “ఏం తప్పు చేసినావమ్మా?” అని అడిగింది. తమ్ముణ్ణి కూడా పిలిచి ఇద్దరికీ చెప్పాను: “మూడు నెలలు పైవి మాత్రమే చూసి సంతకం పెట్టినాను, అది తప్పు. నిన్న అడుగువి చూసినాక మాట మార్చలేదు, ఉద్యోగం దానికి పోయింది. కుంకుమ కనపడితే దండం పెట్టుకోండి. సంతకం మాత్రం అడుగుది చూసినాకే పెట్టండి.”