ప్రభుదాస్ ఖాళీ బండి

ప్రభుదాస్ పదిహేడేళ్లుగా డ్రైవరు. ఆ పదిహేడేళ్లలో అతను తిరిగిన రోడ్డు మొత్తం కలిపినా నాలుగు కిలోమీటర్లకు మించదు. సిరిసిల్లలో నూలు మిల్లు దగ్గర ట్రాలీలో, అంటే వెనక తెరిచి ఉండే చిన్న సరుకుల బండిలో, బీములు ఎక్కించుకోవడం, ఇరుకు సందుల్లోంచి మరమగ్గాల షెడ్లకు చేర్చడం, మళ్లీ మిల్లుకు రావడం. బీము అంటే పడుగు దారం చుట్టిన పెద్ద ఇనుప డోలు. ఒకటి ఇంకోదానికి తగిలితే అంచు దారాలు తెగి పడుగంతా పాడవుతుంది. అందుకే ఎప్పుడూ మొదటి గేరు, లేదంటే రెండో గేరు. గానుగెద్దు నయం, దానికి కళ్లకు గంతలన్నా ఉంటాయి.

అతనిదీ నాదీ ఒకే రోజు లైసెన్సు. నేను కోరుట్లలో టైర్ల షాపు పెట్టుకున్నాను. వీర్నపల్లి నుంచి వచ్చిన ప్రభుదాస్ ఆ రోజు బస్సులో కిటికీ పక్కన కూర్చొని, "నాగ్‌పూర్, సూరత్, బొంబాయి, అన్ని చూస్త సాగరన్నా" అన్నాడు. చూసిందేమిటో చెప్పాను కదా. పైగా యజమాని హన్మంతు బండికి ట్రాకర్ పెట్టించాడు. టీ కోసం పది నిమిషాలు ఆగితే చాలు, ఫోను మోగేది. కలిసినప్పుడల్లా ప్రభుదాస్ ఒకటే పాట: "బాయిల కప్పనైన అన్నా. ఊపిరాడతలేదు." వినీ వినీ నాకు అతని మీద జాలి పోయి కోపం మొదలైంది.

మా దగ్గర ఎండాకాలం ఆటోక్రాస్ పెడతాం. పేరు పెద్దది గానీ పని చిన్నదే. పసుపు ఎత్తేశాక ఖాళీ అయిన కల్లాల్లో ఊక బస్తాలు నిలబెట్టి వంకర దారి చేస్తాం. కార్లు, ట్రాలీలు, ఎవరి బండి వాళ్లది, ఒక్కొక్కటే వెళ్లాలి. బస్తాకు తగిలితే అయిదు సెకన్లు అదనం. సెల్‌ఫోన్‌లో టైము చూసేది నేనే.

ఈసారి మెట్‌పల్లి లారీల సాయన్న కూడా చూడటానికి వస్తానన్నాడు. సాంగ్లీకి పసుపు తోలే లారీకి ఆయనకు మనిషి కావాలి. "లైసెన్సు చూసి ఏం జేసుకుంట? స్టీరింగ్ పట్టంగ చూడాలె" అన్నాడు. ఆ మాట వినగానే నేను ప్రభుదాస్‌కు ఫోన్ చేశాను. బయటపడాలంటే ఇదే దారి, మళ్లీ రాదు అన్నాను. ఫోను అతని భార్య శ్రావణి లాక్కుంది. "కూసే గాడిద అచ్చి మేసే గాడిదను చెడగొట్టిందట. గట్లున్నది నీ కథ" అంది. అయినా ఆదివారం పొద్దున్నే ఆమే అతన్ని పంపింది. సాయంత్రానికి బండి తెచ్చి పెట్టాలన్న షరతు మీద హన్మంతు కూడా ఒప్పుకున్నాడు.

ట్రాలీల్లో అప్పటికి మా ఊరి మధుకర్‌ది మంచి టైము, యాభై ఎనిమిది సెకన్లు. ప్రభుదాస్ హెల్మెట్ పెట్టుకొని బెల్టు బిగించాడు. జెండా ఊపాం. నేను భయపడ్డట్టు నత్తనడక నడవలేదు. మూడో గేరు వేశాడు, ఆ వెంటనే నాలుగో గేరు. వెనక చక్రాలు పక్కకు జారుతుంటే అతను కేక పెట్టాడు. భయంతో కాదు, సంతోషంతో. బస్తాలకు వెంట్రుకవాసి దూరంలోంచి తిప్పుతున్నాడు. ఇంత పనితనం ఎక్కడ దాచాడ్రా వీడు అనుకున్నాను. చివరి మలుపు దగ్గరికి వచ్చేసరికి నా ఫోన్లో నలభై ఆరు. సాయన్న కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

బీములు దొర్లకుండా అడ్డం పెట్టే చెక్క ఒకటి ట్రాలీలో ఉండిపోయింది. ఎప్పుడూ ఉండేదే కాబట్టి దాన్ని తీయాలని అతనికి తోచలేదు. బండి కుదుపుకు ఆ చెక్క లేచి క్యాబిన్‌ను రెండుసార్లు కొట్టింది.

బండి ఉన్నపళంగా ఆగిపోయింది. ప్రభుదాస్ దూకి వెనక్కి పరుగెత్తాడు. మోకాళ్ల మీద కూర్చొని చక్రాల కింద వెతుకుతున్నాడు. జనం ఈలలు వేశారు. "ఎక్కురా, టైమైపోతుంది!" అని అరుస్తూ నేను ఉరికాను.

బీములు పట్టుకొని ట్రాలీలో ఒక హమాలీ నిలబడి వస్తాడు. వెనక నుంచి రెండు దెబ్బలు కొట్టాడంటే తన చెయ్యి బీము కింద పడిందని, బండి వెంటనే ఆపాలని. తొమ్మిదేళ్ల కింద రేడియో చప్పుడులో ప్రభుదాస్‌కు ఆ దెబ్బలు వినపడలేదు. రాజయ్య అనే హమాలీకి మూడు వేళ్లు పోయాయి. ఈ సంగతి నాకు తెలుసు. అది అతనిలో ఇంత లోతుకు దిగిందని మాత్రం తెలియదు.

ప్రభుదాస్ అందరికంటే ఆఖరున నిలిచాడు. సాయన్న మాత్రం సంగతి తెలుసుకొని తిన్నగా అతని దగ్గరికే వచ్చాడు.

"ఖాళీ బండికే గింత భయపడెటోడు నా సరుకును పాడు జేయడు. నా లారీ నడుపుతవా?"

నా గుండె ఎగిరి గంతేసింది. ప్రభుదాస్ తల ఎత్తకుండా అడిగాడు.

"లారీల ఎనుక ఎవ్వలుంటరు సేటు?"

"ఎవ్వలుండరు. క్లీనరు సుత లేడు. ఒక్కనివే పోవాలె."

"ఒద్దు సేటు."

సాయన్న ఓసారి నా వంక చూసి, మధుకర్ వైపు వెళ్లిపోయాడు. నేను ప్రభుదాస్ మీద ఇంతెత్తున లేచాను.

"పదిహేడేండ్లు నా తల తిన్నవ్ గదరా! ఇయ్యాల తలుపు తీస్తె బయటికి రావేంది?"

"ఎనుక నుంచి ఎవ్వలు కొట్టకుంటె ఆగాల్నని నాకెట్ల తెలుస్తదన్నా?" అన్నాడు. "నాకు భయమైతంది."

తిట్టడానికి నోరు తెరిచాను. ఇంతలో అతని ఫోను మోగింది. హన్మంతు. బండి ఒక్కచోటే ఎందుకు ఆగిందని మొదలుపెట్టి, రేపు పొద్దున ఏడింటికి ఆరు బీములున్నాయని చెప్పాడు.

"అచ్చేస్తున్న సేటు, గిప్పుడే బయలెల్లుతున్న" అన్నాడు ప్రభుదాస్. ఆ మాట అంటుంటే అతని మొహం మీదికి ఎంత నిమ్మళం వచ్చిందంటే, చూడలేక నేను పక్కకు తిరిగి ఏడ్చాను.