పెరిగిన గడ్డ

నా వృత్తి వినడానికి గొప్పగా ఉంటుంది: క్యాన్సర్ మీదికి ఒంట్లోని రక్షణ కణాలను ఎలా ఉసిగొల్పాలో పరిశోధించడం. చేసే పని మాత్రం ఎలుకల ఒంటి మీది గడ్డలను కొలవడం. రోజు విడిచి రోజు, కాలిపర్ అనే చిన్న కొలత పనిముట్టుతో, పొడవు ఒకసారి, వెడల్పు ఒకసారి. పాతికేళ్ళకు పైగా ఇదే. మేముండే నోవై ఊళ్ళో మా వీధి చివర ఉండే రిటైరైన సర్జన్‌గారు నన్ను "ఎలుకల డాక్టరమ్మా" అని పిలిచేవారు, అదీ పార్టీల్లో, అందరి ముందూ. నాకు ఒళ్ళు మండేది.

ఆయనకు కిడ్నీ క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్ చేసి తీసేసినా, ఏడాది తిరక్కుండా భుజం దగ్గర చర్మం కింద గడ్డగా తేలింది. మిగతా మందులు పనిచేయలేదు. చివరికి ఇమ్యునోథెరపీ మొదలుపెట్టారు. నేను ఇన్నేళ్ళూ ఎలుకలకు ఎక్కిస్తూ వచ్చిన కోవలోని మందే అది. రెండు డోసులయ్యాక ఒక ఆదివారం మధ్యాహ్నం ఫోన్ చేసి రమ్మన్నారు. వెళ్తే చొక్కా గుండీలు విప్పి చూపించారు. ఉసిరికాయంత ఉన్న గడ్డ నిమ్మకాయంత అయింది.

"నలభై ఏళ్ళు కత్తి పట్టినవాణ్ణి అమ్మాయ్. పెరిగిందో తరిగిందో నా ఫింగర్స్‌కి తెలీదా? రేపు కాల్ చేసి స్టాప్ చేయమని చెప్పేస్తా. ఇక చాలు."

ఆపేస్తే ఆయనకు ఇంకో మందు లేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. నాకు భయం వేసింది.

"నేను మనుషుల డాక్టర్ని కాదండీ," అన్నాను. "కానీ నేను చేసిన తప్పొకటి చెప్తాను, వినండి."

సొంత ల్యాబ్ కొత్తగా పెట్టుకున్న రోజులవి. రెండో వారంలో, మందిచ్చిన ఎలుకల గడ్డలు మందివ్వని వాటికన్నా పెద్దవయ్యాయి. ఆలస్యం అమృతం విషం అనుకునే మనిషిని నేను. నోట్‌బుక్‌లో "పనిచేయలేదు" అని రాసి ప్రయోగం ముగించేశాను. ముగించడమంటే ఎలుకలను చంపేయడమే. ఒక్క బోను మాత్రం, కార్డు మీద నేను తేదీ తప్పు రాయడం వల్ల, మిగిలిపోయింది. పది రోజుల తర్వాత ఎలుకల గది చూసుకునే ఆవిడ కోప్పడుతూ ఫోన్ చేసింది, గడ్డల్లేని ఎలుకలను గడ్డల బోనులో ఎవరు పెట్టారని. పరుగెత్తాను. చెవులకున్న నంబర్లు చూశాను. నా ఎలుకలే! గడ్డలున్న చోట వేళ్ళతో తడిమితే ఏమీ తగల్లేదు.  ముందు ఆనందం కలగలేదు, చంపేసినవి గుర్తొచ్చాయి.

"కాలిపర్‌కి సైజే తెలుస్తుంది డాక్టర్‌గారూ, లోపలున్నది ఎవరో తెలీదు. మీ ఇంటి ముందు డ్రైవ్‌వే నిండా కార్లుంటే మీ ఇంట్లో మనుషులు పెరిగారనుకుంటామా? ఎవరో వచ్చారనుకుంటాం. మీది నిజంగానే పెరిగిందేమో, అదీ నేను చెప్పలేను. ముక్క తీసి చూడమనండి. ఆపడం సంగతి ఆ తర్వాత."

ఆయన నిదానంగా గుండీలు పెట్టుకున్నారు. "ఈ వయసులో ఎలుకల మాట వినాల్సొచ్చింది," అని గొణిగారు. మర్నాడు మాత్రం బయాప్సీ కోసమే కాల్ చేశారు.

తాను పనిచేసిన ఆసుపత్రే కాబట్టి ఆ ముక్క స్లైడ్‌ను మైక్రోస్కోప్‌లో తనే చూస్తానని పట్టుబట్టారు. నన్నూ వెంట తీసుకెళ్ళారు. ముందు నేను చూశాను. క్యాన్సర్ కణాలు అక్కడక్కడా చెదిరి, సగం చచ్చి ఉన్నాయి. వాటి చుట్టూ, వాటి మధ్యన, సందు లేకుండా చిన్నచిన్న నల్లటి గుండ్రటి కణాలు, గడ్డను ఉబ్బించిన రక్షణ కణాలు. ఎలుకల్లో ఎన్నోసార్లు చూసిన దృశ్యమే. నాకు తెలిసిన మనిషిలో చూడటం అదే మొదటిసారి.  పక్కకు జరిగి ఆయనకు చోటిచ్చాను.

ఆయన మైక్రోస్కోప్ మీదికి వంగారు. తర్వాత తల ఎత్తకుండానే అడిగారు.

"ఇవన్నీ నావేనా?"

"మందులో ఒక్క కణం కూడా ఉండదండీ. మీ కణాలకున్న బ్రేక్ అది తీసిందంతే. అన్నీ మీవే."

"డెబ్బై ఎనిమిదేళ్ళవాడికి ఇంత సైన్యమా!" "ఎంతమందిని కోసి చూశాను... వీళ్ళు ఇన్నాళ్ళూ లోపలే ఉన్నారా?"

 పాతికేళ్ళుగా నేనూ అలాగే ఆశ్చర్యపోతున్నాను. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ మైక్రోస్కోప్ మీదికి వంగారు.

"స్టూల్ లాక్కుని కూర్చో, ఎలుకల డాక్టరమ్మా. తొందరేం లేదు."