పిండకూడని మూట

దేన్నైనా పిండకుండా పారేయడం వెర్నా హాల్వర్సన్‌కు చేతకాదు. అమెరికాలోని మిల్వాకీలో ఏళ్ల తరబడి స్కూలు బస్సు నడిపిన ఆ మనిషి టీ బ్యాగును కూడా చెంచాకు చుట్టి ఆఖరి చుక్కదాకా పిండుకునేది. ఇళ్లలో బీరు కాచుకునేవాళ్ల సంఘానికి పెద్దదిక్కయిన గార్డీతో, బీరు కాచే రోజున పేచీ అక్కడే వచ్చేది.

నల్లగా వేయించి దంచిన బార్లీని గుడ్డసంచిలో మూటగట్టి వేడినీళ్లలో నానబెట్టాలి. రంగూ రుచీ దిగాక మూట తీసేసి, డబ్బాలో కొన్న మాల్టు పాకం కలిపి మరిగించి, చల్లార్చి పులియబెట్టాలి. మూట పైకి లేచిందంటే చాలు, గార్డీ కళ్లు ఆమె చేతుల మీదే ఉండేవి.

"పిండకు వెర్నా. పొట్టులోని వగరంతా దిగిపోతుంది."

"నువ్వెప్పుడైనా పిండి చూశావా?"

"విషమో కాదో తాగి చూస్తామా ఏంటి?"

ఆ మాట ఆమెను తొలిచేసింది. ఈసారి రెండు కుండలు పెట్టింది. ఒక మూటను నీళ్లోడుతుండగానే పక్కన పడేసింది. రెండోదాన్ని రబ్బరు తొడుగులు వేసుకుని తడి దుప్పటిలా మెలిపెట్టింది. సీసాల్లో నురగ కోసం వేసే పంచదార మాత్రం రెండింటికీ ఒకే కొలత.

సంఘం కూడిన రోజు గార్డీ ముందు రెండు గ్లాసులు పెట్టింది. ఆయన రెండూ చప్పరించి, ఎడమదాన్ని పక్కకు నెట్టాడు.

"నాలుక పట్టేస్తోంది. నువ్వు పిండింది ఇదే. కుడిదాన్ని చూడు, ఎంత కమ్మగా ఉందో."

"పిండింది కుడిదే గార్డీ."

గార్డీ కుడి గ్లాసును వెలుతురుకు ఎత్తి చూశాడు. మిగిలినదంతా మెల్లగా తాగాడు.

"ఎంత గట్టిగా పిండావ్?" అన్నాడు.