తెలుగు చేయని మాట

ఏడేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. అమ్మకు చెప్పలేదు, ఆయనకు చెప్పలేదు. మీరు నన్నెరగరు కాబట్టి మీకు చెబుతున్నాను. చంటిది పడుకుంది. అది లేచేలోపు రాసేయాలి. ఆగితే మళ్లీ రాయను.

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడాది జహీరాబాద్‌లో మంత్రసానులకు తరగతులు పెట్టారు. వాళ్లంతా ఏళ్ల తరబడి కాన్పులు చేస్తున్నవాళ్లే. కొత్త పద్ధతులు నేర్పాలని పిలిపించారు. డాక్టరమ్మ మలయాళీ, ఇక్కడి భాష రాదు. ఆమె ఇంగ్లిషులో చెప్పేది తెలుగులో చెప్పడానికి, బి.ఏ. అయి ఇంట్లో ఉన్న నన్ను తీసుకున్నారు. నాకెంత గర్వమో!

రెండో రోజు డాక్టరమ్మ ప్లసెంటా గురించి చెప్పింది. బిడ్డ పుట్టాక అది దానంతటదే ఊడి రావాలి, బొడ్డుతాడు పట్టుకుని లాగకూడదు, రాకపోతే ఆలస్యం చేయకుండా దవాఖానకు తేవాలి. నాకంతా అర్థమైంది, ప్లసెంటాను తెలుగులో ఏమంటారో తప్ప. అడగొచ్చు కదా? ఎదురుగా కూర్చున్న ప్రతి ఒక్కరికీ ఆ మాట తెలుసు. "బిడ్డ వెనకాల వచ్చేది" అన్నా చాలు, పది గొంతులు అందించేవి. గింత చదివి గిది తెల్వదా అంటారని భయం. ఆ భాగమంతా దాటేశాను.

న్యాల్‌కల్ వైపు నుంచి వచ్చిన ముసలి మంత్రసాని శివమ్మ పట్టేసింది.

"ఓ బిడ్డా, డాక్టరమ్మ గంతసేపు చెప్పె. నువ్వేంది, ఒక్క ముక్కల ఒడగొడితివి?"

"గంతే అవ్వా. చేతులు మంచిగ కడుక్కోమంటున్నది."

"మళ్లనా? పొద్దుగాల్నుంచి గదే ముచ్చట. కడిగి కడిగి చేతులు అరిగిపాయె. ఇగ కాన్పులు మోచేతులతోటి చెయ్యాల్నా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మాయ. ప్లసెంటాను తెలుగులో అలా అంటారని ఆ సాయంత్రమే అమ్మనడిగి తెలుసుకున్నాను. మర్నాడు సరిదిద్దుకోవచ్చు. సరిదిద్దుకోలేదు. ఎందుకు? నిన్న అబద్ధం చెప్పినవా అని శివమ్మ అందరి ముందు అడుగుతుందని. ఇన్నేళ్లు వెతికినా అంతకంటే పెద్ద కారణం దొరకలేదు.

ఆ వానాకాలం శివమ్మ ఊళ్లో ఒకామెకు కొడుకు పుట్టాడు, మాయ పడలేదు. శివమ్మ తనకు తెలిసినట్టే తాడు పట్టి లాగింది. నెత్తురు ఆగలేదు. ట్రాక్టర్లో తెస్తుంటే దారిలోనే ఆ తల్లి చనిపోయింది.

డాక్టరమ్మ శివమ్మను పిలిపించింది. మధ్యలో మళ్లీ నేనే. లాగొద్దని చెప్పాను కదా, ఎందుకు లాగావని ఆమె కేకలేస్తుంటే, ఒక్క మాట పోకుండా తెలుగు చేశాను. ఈసారి మాయ అనడానికి తడుముకోలేదు. శివమ్మ నా వైపు చూసింది. అయిపోయింది, బయటపెడుతుందనుకున్నాను.

"చెప్పే ఉంటరు బిడ్డా. నాకే యాది లేదు. ముసల్దాన్నైతిని" అంది.

ఆ మాటను కూడా ఇంగ్లిషులోకి మార్చి డాక్టరమ్మకు అందించాను.

తర్వాత శివమ్మ ఏ కాన్పుకూ పోలేదని విన్నాను.

చెప్పినా ఆ తల్లి బతికేది కాదేమో, ఎవరు చూశారు? చాలాకాలం ఇలా అనుకునే నిద్రపోయాను. మొన్న నా కాన్పులో నర్సమ్మ "మాయ పడనీ, తొందరేం లేదు" అంటూ నా పొట్ట మీద చెయ్యి వేసి కూర్చుంది. ఆమెకు ఎవరో సరిగ్గా చెప్పారు. అంతే తేడా. ఇక ఆ సాకు పనిచేయడం లేదు.

రేపు పొద్దున బస్సెక్కుతాను. చంటిదాన్ని అమ్మ దగ్గర వదిలి వెళ్తాను. దాన్ని చూస్తే శివమ్మ మనసు మెత్తబడుతుంది, నాకది వద్దు. ఆమె తిడుతుందో, ఊరిని పిలుస్తుందో తెలియదు. ఆ తల్లి ఇంటికీ వెళ్లాలి. అక్కడ ఏం చెప్పగలనో అసలే తెలియదు. శివమ్మకు చెప్పాల్సింది మాత్రం తెలుసు. ఇందాక తలుపు వేసుకుని ఒకసారి పైకే అన్నాను:

"అవ్వా, నువ్వు మరిచిపోలే. నేనే చెప్పలే."