మా అత్త జీలుగు చెట్టు

మా ఊరి పటం ఎవరికన్న కావాలంటే సర్వేయర్ అక్కర్లేదు. మా అత్త నాగక్క ఎవరితోటి ఎక్కడ కొట్లాడిందో రాసుకుంటే చాలు. ఊరంటే రెండు గుంపుల ఇండ్లు, నడుమ వాగు. వాగు గడ్డన మేకలు మేసే కాడ ఒక కొట్లాట. వాగు దాటితే పత్తిచేన్లు, అక్కడ గట్టు జరిపిండ్రని ఇంకొకటి. చేన్లెనక ఇప్పచెట్లు. మన చెట్టుకింద పువ్వు వాళ్లేరుకున్నరని ఎండాకాలం పొడుగూతా అదే లొల్లి. ఆ పైనంతా అడవి. దాన్ని గూడ విడిచిపెట్టదు. అడవిపంది మక్కచేన్ల పడ్డదంటే మంచె మీద నిలబడి దాని తాతముత్తాతలను తిడుతది.

నేను పెనుబల్లి దిక్కు నుంచి ఈ ఇంటికి కోడలుగ వచ్చిన. కొత్తల ఆమె నోటికి భయపడి మూలకు కూసొని ఏడిచిన. తర్వాత తెలిసింది, పొద్దుగాల తిట్టిన ఇంటికే మాపటికి కూరగిన్నె పట్టుకపోతదని. నాకు జ్వరమొస్తే పారే వాగు దాటిపోయి దవాఖానా సిస్టర్‌ను ఎంటబెట్టుకొచ్చింది, దారంతా నన్ను తిట్టుకుంటనే. నాకైతే మా అమ్మకంటె ఈమె ఒక పాలు ఎక్కువే. ఈ మాట మా అమ్మ చెవిన పడకపోతే చాలు.

మా మామను నేను చూడలే. చేను చివర ఆయన పెట్టిన జీలుగు చెట్టునే చూసిన. మా దిక్కు తాటికల్లు తాగుతరు, ఇక్కడ జీలుగు. అది గూడ తాడి లెక్క పొడుగ్గనే పెరుగుతది, కల్లు మాత్రం ఇంకా తియ్యగుంటది. పెట్టినోడు తాగాలంటే ఏండ్లకేండ్లు ఆగాలె. మొక్క మోకాలెత్తు ఉన్నప్పుడే మామ జ్వరంతోటి పోయిండు. ఎండాకాలం వాగుల చెలిమ తీసి, కుండతోటి నీళ్లు మోసి దాన్ని బతికించింది అత్తనే. మా ఇంటి పద్ధతేందంటే, మొదటి గెలను, చెట్టు పెట్టినోని కొడుకో తమ్ముడో గీసి కల్లు దించాలె. మొదటి కల్లు పోయిన పెద్దలకు పొయ్యాలె. అప్పటిదాక ఎవరూ నోట పెట్టొద్దు.

పోయిన చలికాలం ఆ చెట్టు గెల వేసింది. అత్త మెడ పట్టేసేదాక పైకే చూసింది.

"వచ్చింది ప్రమీలా. మీ మామ పెట్టింది వచ్చింది" అన్నది.

గీసేటోడేడి? మా ఆయన చిరంజీవి భద్రాచలం రోడ్డు మీద ఆటో నడుపుతడు. వెదురు నిచ్చెన మీద సగం ఎక్కి, కిందికి చూసి, దేవుణ్ని తల్సుకుంట దిగిండు. ఇంక మిగిలింది మామ తమ్ముడు, గోపాలు చిన్నమామ. జీలుగు గీసుడంటే రెండు గుంపులల్ల ఆయన తర్వాతనే ఎవరైనా. కానీ వానకాలం నుంచి వదినామరుదులకు మాటల్లేవు. తప్పు మా అత్తదే, నేను దాచను. చిన్నమామకు తన దున్నకమంటే మహా గర్వం. మా చేను దున్నిపెట్టడానికి వస్తే, కూలోళ్లందరి ముందట ఈమె అన్నది, "ఏంది గోపాలూ, నాగలి నువ్వు పట్టినవా, ఎడ్లే నిన్ను ఈడ్సుకపోయినయా? సాలు గిట్ల వంకరున్నది?" అందరూ పగలబడి నవ్విండ్రు. ఆయన అక్కడికక్కడ ఎడ్లిప్పుకొని, "ఇంక నీ చేన్ల కాలు పెడితే నా పేరు గోపాలే కాదు" అని పోయిండు.

గెల విచ్చి పూత బయటపడిందంటే ఇంక కల్లు రాదు. అది ఉబ్బుతున్నకొద్దీ మా అత్తకు బువ్వ సయించకపాయె.

"పోయి ఒక్క మాట అడగరాదు, అత్తా" అన్న.

"నేనా? వాణ్నా?"

"పోనీ నేను అడగనా?"

"నువ్వు పోయినవంటే కాళ్లిరగ్గొడత."

గసొంటి మనిషితోటి ఏం ఏగుతరు చెప్పుండ్రి.

ఒక పొద్దుగాల మేమిద్దరం చెట్టుకింద గడ్డి కోస్తున్నం. పక్కనే వాగుల చిన్నమామ ఎడ్లను కడుగుతున్నడు. అత్త కొడవలి కింద పెట్టింది. ఆయన దిక్కు వీపు తిప్పి, చెట్టుతోటి మాట్లాడుడు మొదలువెట్టింది.

"ఏమయ్యా, ఇంటున్నవా? చెట్టు పెట్టినవు, పోయినవు. నీళ్లు పోసుడు నాకొచ్చు, పోసిన. ఎక్కుడు నాకు రాదాయె. నీ తమ్ముని మీద నోరు జారిన. నా నోటి సంగతి నీకు తెల్వనిదా? తప్పు నేను చేస్తే నీకు చుక్క లేకుంట అయితున్నది. నన్నేం చెయ్యమంటవు?"

ఆఖరు మాట అనుకుంట నొసలు చెట్టుకు ఆనిచ్చింది. ఎన్ని కొట్లాటలల్ల గూడ ఆ తల గట్ల వంగంగ నేను చూడలే. నాకు ఏడుపాగలేదు.

తిరిగి చూస్తే ఎడ్లు ఒడ్డెక్కుతున్నయి, చిన్నమామ లేడు. ఇంకింత అలిగిండనుకున్నం. జరసేపటికి గీతకత్తి నడుముకు చెక్కుకొని, సొరబుర్ర భుజానికి తగిలించుకొని, గట్టు దాటి మా చేన్లకు వచ్చిండు. మా దిక్కు చూడకుంట ఎక్కిండు. గెలను కట్టిండు, కల్లు ఊరనీకి మెల్లగ కొట్టిండు, కొన గీసి బుర్ర తగిలించిండు, దిగి పోయిండు. ఆనాటి నుంచి పొద్దున, మాపున వచ్చుడు, గీసుడు, పోవుడు. మాట మాత్రం లేదు. అత్త గూడ నోరు కట్టేసుకున్నది. ఒంట్లె బాగున్నదా లేదా అని నాకే భయమైంది.

కల్లు దిగిన మొదటి పొద్దు బుర్ర అడుగున జరంతనే ఉన్నది. వంచితే ఒక్క ఆకుదొప్ప నిండింది. పెద్దలకు నాలుగు చుక్కలు పోసి, మిగిలింది ఇంటి పెద్ద తాగాలె. చిన్నమామ ఆ దొప్ప అత్త చేతిల పెట్టి పక్కకు జరిగిండు.

అత్త చెట్టు మొదట్ల కూసున్నది. నాలుగు చుక్కలు పోసింది. దొప్ప నోటిదాక తెచ్చి, ఆగింది. మల్ల కిందికి దించి, ఉన్నదంతా నేల మీద వంచేసింది.

"ఆయన్నే తాగనీ" అన్నది.

చిన్నమామ తడిసిన మట్టి దిక్కు చూసుకుంట ఆమె పక్కన కూలబడ్డడు. తువ్వాలతోటి మొఖం తుడుచుకున్నడు.

"అన్న కడుపునిండ తాగిండు, వదినా" అన్నడు. "రేపటిది నువ్వు తాగాలె."