గ్రేసమ్మ టీచరుగారి రఫ్ నోటు

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. జల్లు కొడుతోంది, ఆ పీట కాస్త లోపలికి లాక్కోండి. కొబ్బరాకుల మీద చినుకులు మొదలై, ఏటి వైపు ఒక్క ఉరుము ఉరిమితే చాలు, నా కుడిచెయ్యి దానంతట అదే గోడ మీది ప్లగ్గు వైపు వెళుతుంది. వెళ్ళి సగం దారిలో ఆగిపోతుంది. ఇందాకా అలాగే ఆగింది. కరెంటు కొట్టిందేమోనని మా కోడలు కంగారుపడింది. కొట్టలేదు. ఆ చెయ్యి ఆగినప్పుడల్లా నాకు ఒకావిడ గుర్తుకొస్తారు. ఆవిణ్ణి మీరెవరూ చూడలేదు. ఆవిడ మొహం మీకు చూపించలేను గాని, అన్న మాటలు మాత్రం అన్నవి అన్నట్టే చెప్పగలను.

ఆవిడ గ్రేసమ్మ టీచరుగారు. రాజోలు దగ్గర మా ఊరి హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. పదకొండేళ్ళు ఆవిడ ఇంట్లో వంట చేశాను. నేను అయిదో తరగతితో ఆగిపోయినదాన్ని. తెలుగు కూడబలుక్కుని చదువుతాను, ఇంగ్లీషులో బస్సు బోర్డుల మీద చూసిన నాలుగైదు అక్షరాలు తెలుసు. కానీ ఒకసారి చెవినపడ్డ మాట నా దగ్గర నుంచి పోదు. నేను చేరిన నెలలోనే టీచరుగారు ఆ సంగతి కనిపెట్టారు. వేళ్ళు వంకర్లు పోయి కలం పట్టు తప్పాక ఆవిడ ఒక పాత కంప్యూటరు కొనుక్కుని, తన దగ్గర చదువుకున్న పిల్లలకు దాని మీదే ఉత్తరాలు రాసేవారు. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు, ఇంకే హంగూ లేదు. పొద్దున్న నేను కొబ్బరి కోరుతుంటే వంటింట్లో కుర్చీ వేసుక్కూర్చుని, తోచిన వాక్యం పైకి అని, మంగా, ఇది నీ దగ్గర ఉంచు అనేవారు. మధ్యాహ్నం భోజనమయ్యాక కంప్యూటరు ముందు కూర్చుని, ఏదీ ఇలా ఇయ్యి అనేవారు. నేను అప్పజెప్పేదాన్ని. ఒక్కోరోజు ఏడెనిమిది వాక్యాలు నా దగ్గర ఉండేవి, చారు పొంగకుండా చూసుకుంటూ వాటిని కూడా చూసుకునేదాన్ని.

ఒకసారి మాత్రం తప్పు చేశాను. తండ్రి పోయిన ఒక శిష్యుడికి ఉత్తరం. 'మీ నాన్నగారి సైకిలు వీధి మలుపు తిరగడం ఇంట్లో కూర్చునే తెలిసేది' అన్నదాకా బాగానే చెప్పాను. ఆ తరువాతి ముక్క ఎంత వెతికినా దొరకలేదు. ఆవిడ వేళ్ళు నా కోసం ఆగి ఉన్నాయి. మొహమాటపడి, 'ఆ గంట మోత ఎంతో బాగుండేది' అని నేనే ఒకటి కలిపాను. టీచరుగారు టైపు చెయ్యలేదు. నా వైపు తిరిగి కళ్ళజోడు తీశారు.

"ఆ సైకిలుకి గంటే లేదు మంగా. చైను చప్పుడుతో తెలిసేది."

నేను తల దించుకున్నాను. ఆవిడ కోప్పడలేదు. క్లాసులో పిల్లకి చెప్పినట్టు చెప్పారు.

"మర్చిపోతే మర్చిపోయేనని చెప్పు. ఖాళీ ఉంచితే నేను నింపుకుంటాను. నువ్వు నింపేస్తే అక్కడ ఖాళీ ఉందని కూడా నాకు తెలీదు కదా."

ఆ మాట ఆ రోజు నాకు పూర్తిగా అర్థం కాలేదు. ఒక ముక్క తగ్గితే ఏమిటి, అందంగా ఉన్నది ఇంకొకటి పెడితే ఏమిటి అనిపించింది.

ఇంకో ఏడాది వానాకాలంలో ప్లగ్గు సంగతి జరిగింది. మా వైపు ఉరిమితే ఇంట్లో ఉన్న ప్లగ్గులన్నీ పీకేయడం అలవాటు. టీవీ, ఫ్రిజ్జు, ఏదీ వదలం. టీచరుగారు పొద్దుటి నుంచి పెద్ద ఉత్తరం రాసి, మధ్యలో ఎవరో పిలిస్తే గేటు దాకా వెళ్ళారు. ఉరిమింది. నేను పరుగెత్తుకుంటూ వచ్చి కంప్యూటరు ప్లగ్గు లాగేశాను. ఆవిడ తిరిగొచ్చి నల్లగా ఉన్న తెర చూసి, కొంగుతో మొహం తుడుచుకుని కూర్చున్నారు. ఏదో తప్పు జరిగిందని నాకు అప్పుడు తెలిసింది. సేవ్ చెయ్యలేదట. టీచరుగారు మళ్ళీ కంప్యూటరు వెలిగించి, ఆ ఉత్తరం పేరు కొట్టారు. ఉత్తరం రాలేదు, ఇంగ్లీషులో బోలెడంత రాత వచ్చింది. అది చదివి ఆవిడ నవ్వారు.

అందులో ఏముందో తెలుగులో చెప్పారు. ఈ కాగితం మీద ఇంకెవరో పని చేస్తూ ఉండవచ్చు, లేదా పని మధ్యలో ఆగిపోయి ఉండవచ్చు అని రాసి ఉందట. ఇంట్లో మేమిద్దరమే కదా, ఇంకెవరండీ అన్నాను. మనం సేవ్ చేసేది ఫెయిర్ నోటు అనుకో, అన్నారు ఆవిడ. రాస్తున్నంతసేపూ కంప్యూటరు దాని పక్కనే ఎవరికీ కనపడకుండా ఒక రఫ్ నోటు పెట్టుకుంటుందట. నాలుగు సెకండ్లు చెయ్యి ఆగితే చాలు, అప్పటిదాకా కొట్టిందంతా అందులో ఎక్కించుకుంటుందట.

"మిమ్మల్ని అడక్కుండానే అండీ?"

"ఆయ్, అడక్కుండానే."

"అయితే గుమ్మం పక్కన నిలబడి చెవొగ్గే మనిషన్నమాట."

"అచ్చం నీలాగే," అన్నారు టీచరుగారు.

అప్పుడే ఇంకో సంగతి కూడా చెప్పారు, నాకు ఇప్పటికీ కొరుకుడుపడనిది. పని సక్రమంగా ముగించి మూసేస్తే కంప్యూటరు తన రఫ్ నోటు తనే చింపేస్తుందట, ఆనవాలు కూడా ఉండదట. అర్ధాంతరంగా ఆగిపోతేనే అది మిగులుతుందట. అంటే నేను ప్లగ్గు పీకడం తప్పా, ఒప్పా అని అడిగాను. పీకడం తప్పే, పీకావు కాబట్టి ఉంది అన్నారు. నా బుర్ర తిరిగింది. వెనక్కి తెచ్చుకోవడానికి ఏ అక్షరం నొక్కాలో తెర మీద చూపించారు. అది రాజోలు బస్సు బోర్డు మీద మొట్టమొదట ఉండే అక్షరం, ఆర్. నా చేతే నొక్కించారు. ఉత్తరమంతా, చివరి వాక్యంతో సహా, కళ్ళ ముందుకు వచ్చింది. దాన్ని సేవ్ చేసి, ఇక పాత రఫ్ నోటు మనమే తీసెయ్యాలి, లేకపోతే తెరిచిన ప్రతిసారీ ఇలాగే అడుగుతుంది అని దాన్ని తీసేశారు.

ఆవిడ ఎన్నాళ్ళు రాసినా తెమలని ఉత్తరం ఒకటుంది. అది చెల్లెలు సుగుణమ్మగారికి. ఆవిడది నర్సాపురం. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కితే గోదావరి అవతలి ఒడ్డే. అయినా ఏడేళ్ళు ఈవిడ అటు వెళ్ళలేదు, ఆవిడ ఇటు రాలేదు. వాళ్ళమ్మగారు చెల్లెలి ఇంట్లో పోయారు. నాన్నగారి సమాధి మా ఊళ్ళో ఉంది, పక్కన చోటు ఉంచారు. అమ్మని అక్కడికి తీసుకురమ్మని టీచరుగారు కబురు పెట్టేసరికే చెల్లెలు అక్కడే భూస్థాపన చేయించేశారు. అంతే. ఆ ఉత్తరంలో ఒక కటువైన వాక్యం ఉండేది. నా ఎదుట కనీసం మూడుసార్లు దాన్ని కొట్టేశారు, మూడుసార్లూ మళ్ళీ రాశారు. ఆ వాక్యం మాత్రం ఏనాడూ నా దగ్గర ఉంచలేదు.

కార్తీకంలో తుపాను గాలి కొడుతున్న ఒక మధ్యాహ్నం టీచరుగారు ఆ ఉత్తరం ముందే కూర్చుని ఉన్నారు. నేను పెరట్లో బట్టలు తీస్తున్నాను. మంగా అని ఒక్క పిలుపు వినిపించింది. వచ్చేసరికి గుండె పట్టుకుని పక్కకి ఒరిగిపోయారు. ఆటో పిలిస్తే, వీధిలోవాళ్ళు ఇద్దరు సాయం పట్టి ఎక్కించారు. ఇంటికి వెయ్యడానికి తాళం కోసం లోపలికి వెళ్ళాను. ఉరిమింది. అంత తొందరలోనూ నా చెయ్యి వెళ్ళి ప్లగ్గు పీకేసింది. అమలాపురం ఆసుపత్రికి చేరేటప్పటికే ఆవిడ మాట ఆగిపోయింది. మర్నాడు పోయారు.

సుగుణమ్మగారు ఏడేళ్ళ తరువాత పంటు దిగింది ఆ శవం చూడటానికి. అన్నీ అయ్యాక మూడో రోజు పొద్దున్న, ఆవిడా, బ్యాంకులో పనిచేసే అల్లుడు ప్రసాదుగారూ ఇల్లు సర్దుతుంటే, నేను ప్లగ్గు సంగతి చెప్పి ఏడ్చాను. మీకు రాస్తూ ఉండగానే ఇలా అయిందండీ అన్నాను. ఆవిడ ఆ ఉత్తరం తియ్యమని అల్లుడితో అన్నారు. ఆయన పేరు కొడితే మళ్ళీ అదే ఇంగ్లీషు రాత వచ్చింది. దాన్ని అట్టే పట్టించుకోకుండా, సేవ్ అయిన కాగితాన్ని ఉన్నది ఉన్నట్టు తెరిచారు. సుగుణమ్మగారు పైకే చదివారు. అమ్మకు నాన్న పక్కన చోటు లేకుండా చేశావు, నీ గుమ్మం ఈ జన్మలో తొక్కను అని ఉంది. చదివి, వెనక ఉన్న మంచం పట్టీ చేత్తో వెతుక్కుని కూర్చున్నారు.

ప్రసాదుగారు దాన్ని మూసేసి, మళ్ళీ పేరు కొడితే ఆ ఇంగ్లీషు రాతే రావడం చూసి, దీనికో పాడైపోయిన కాపీ తగులుకుందండీ, తీసేస్తే సరి అని ఇంకో అక్షరం మీదికి వేలు పెట్టారు. పరాయి మగవాడి చెయ్యి నేను పట్టుకున్నది జన్మలో అదొక్కసారే.

"ఆగండి బాబుగారండీ. అది పాడైపోయింది కాదు, టీచరుగారి రఫ్ నోటు. రాజోలు ఆర్ నొక్కండి."

ఆయన నన్నూ, తెరనూ మార్చి మార్చి చూశారు. నొక్కమన్నారు సుగుణమ్మగారు. నొక్కారు. అదే ఉత్తరం వచ్చింది, కానీ అది కాదు. కటువైన వాక్యం లేదు. చెల్లీ అన్న పిలుపు, మోకాళ్ళ నొప్పి ఎలా ఉందన్న ప్రశ్న అలాగే ఉన్నాయి. వాటి కింద కొత్తగా 'ఈ క్రిస్మస్‌కి నేను' అని ఉంది. అంతే, ఇంకేం లేదు. ఆ పైన నన్ను పిలిచి ఉంటారు.

సుగుణమ్మగారు నా రెండు చేతులూ పట్టుకున్నారు. అక్క మాటలన్నీ నీ దగ్గరే ఉంచేదని ఊరంతా చెప్పేరు, తరవాత ఏమంది, వస్తానందా, రానందా అని అడిగారు. వస్తానన్నారండీ అనడానికి నాకు ఒక్క క్షణం చాలు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అలా అనేస్తే సుగుణమ్మగారు బతికినన్నాళ్ళూ కడుపునిండా తిని పడుకుంటారు. తప్పేముంది? కానీ నాకు గంట లేని సైకిలు కనిపించింది. ఆ కటువైన వాక్యం మూడుసార్లు చెరిపి మూడుసార్లు రాయడం కూడా నేనే చూశాను.

"అది నా దగ్గర ఉంచలేదండీ. అక్కడ ఖాళీయే ఉందండీ," అన్నాను.

"అన్నీ గుర్తుంటాయిగా నీకు. ఈ ఒక్కటీ లేకపోయిందా?" అన్నారావిడ. చేతులు వదిలేశారు.

ఆ మాట చాలా రోజులు గుచ్చుకుంది. మంచి చేశానో చెడు చేశానో తేల్చుకోలేకపోయాను, ఈనాటికీ తేలలేదు. కంప్యూటరును దుప్పట్లో చుట్టి పంటు మీద నర్సాపురం పట్టుకెళ్ళిపోయారు. మరుసటి ఏడు క్రిస్మస్ ముందు నన్ను రమ్మని కబురు పెడితే వెళ్ళాను. కాఫీ ఇచ్చి, నన్ను కంప్యూటరు ముందు కూర్చోబెట్టారు. ఉత్తరం తెరిస్తే మళ్ళీ అదే అడిగింది. ఆ మిగిలిన రఫ్ నోటు తీసేస్తే ఇక అడగదు, చెప్పినా వినరండీ అని ప్రసాదుగారు నాతో మొరపెట్టుకున్నారు.

"అడగనియ్యి నాయనా," అన్నారు సుగుణమ్మగారు. "ఇంకెవరో రాస్తూ ఉండొచ్చు అంటోంది కదా. ఆ మాట అనేది ఈ ఇంట్లో అదొక్కటే." నా వైపు తిరిగి, "నువ్వు నింపి ఉంటే ఇది ఎప్పుడో మూసేసేదాన్ని మంగమ్మా," అన్నారు. మెచ్చుకుంటున్నారో, నిందిస్తున్నారో ఆ గొంతులో నాకు తెలియలేదు. అడగలేదు కూడా. ఆర్ నొక్కి లేచి వచ్చేశాను.

నాకు మిగిలిందల్లా ఈ సగంలో ఆగే చెయ్యే. ఇప్పుడు ఉరిమితే, ఎవరైనా ఏదైనా రాసుకుంటున్నారా అని ఇల్లంతా ఒకసారి కేకేసి, జవాబు వచ్చాకే ప్లగ్గు తీస్తాను. నేను చెబుతుంటే ఇది మా కోడలు రాస్తోంది. నాకు గుర్తురానిచోట ఏమీ కలపవద్దని చెప్పాను. ఇంత దూరం విన్నారు, మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ ఇంట్లో రాసే చెయ్యి మధ్యలో ఆగకూడదు, ఆగినా పక్కన ఒకరు రాసుకుని ఉండాలి. ఏటి అవతల మీ మనిషి ఎవరైనా ఉంటే, వాన తగ్గగానే మీకు పంటు దొరకాలి.