ఆస్ట్రేలియా అన్నయ్య ఆపరేషన్

ఆ రోజుల్లో రాజోలు చుట్టుపక్కల ఆస్ట్రేలియా రగ్బీ మీద గట్టి అభిప్రాయాలున్నవాళ్ళు ఇద్దరే ఉండేవారు. ఒకరు బావగారు, రెండోవాణ్ణి నేను. ఆయన ఏడాదికి పదకొండు నెలలు బహ్రెయిన్‌లోనే ఉండేవారు కనుక నిజానికి ఒక్కణ్ణే. ఇరవై నాలుగేళ్ళ వయసులో ప్రతివాడికీ ఏదో ఒక పిచ్చి ఉంటుంది. తోటివాళ్ళు క్రికెట్ స్కోర్లు పట్టుకుని వేలాడుతుంటే నేను, సముద్రాల అవతల జట్టుకి పదిహేనుమంది చొప్పున కోడిగుడ్డు ఆకారపు బంతి కోసం బురదలో పడి దొర్లే ఆట గురించి, రావులపాలెం బస్సులో పక్కసీటువాడు మొదలుకొని స్కూలు కరెస్పాండెంటుగారి దాకా ఎవరు దొరికితే వాళ్ళకి చెప్పేవాణ్ణి. అందరూ "ఆయ్, అలాగాండీ" అనేవారు. (కోనసీమ మర్యాదతో వచ్చిన చిక్కే ఇది. ఎదుటివాడు వింటున్నాడో, భరిస్తున్నాడో చివరిదాకా తెలియదు.)

నేను అక్కడి ఇంగ్లీషు మీడియం స్కూల్లో లెక్కలు చెప్పేవాణ్ణి. అదే స్కూల్లో హిందీ చెప్పే అక్కగారి ఇంట్లో ముందుగదిలో అద్దెకుండేవాణ్ణి. అక్కగారికి నలభై దాటాయి, పిల్లల్లేరు, బడికీ చర్చికీ తప్ప గడప దాటని మనిషి. ఆవిడ భర్తే బావగారు. బహ్రెయిన్‌లో తెల్లవాళ్ళ క్లబ్బులో బల్లల దగ్గర వడ్డించే పని ఆయనది. ఆ క్లబ్బులో పెద్ద టీవీ, టీవీ ముందు ఆస్ట్రేలియా ఇంజనీర్లు, వాళ్ళ వెనక ట్రే పట్టుకుని బావగారు. అలా నిలబడి నిలబడి ఆట నేర్చుకున్నారు. సెలవుకి వచ్చేటప్పుడు ఊళ్ళో మిగతావాళ్ళు సెంటు సీసాలూ దుప్పట్లూ తెస్తే, ఆయన మ్యాచ్‌ల వీడియో క్యాసెట్లు తెచ్చేవారు. అక్కగారు ఒకే ఒక్కసారి చూసి, "మనిషిని మనిషి అలా తొక్కుతుంటే చూడ్డానికి మీకు మనసెలా ఒప్పుతుందండీ" అని వంటింట్లోకి వెళ్ళిపోయారు. ఇక ఆయనకి దొరికింది నేను.

తొంభై అయిదు దాకా ఆ ఆట ఆడేవాళ్ళకి బహిరంగంగా జీతాలు లేవు. పగలు ఉద్యోగం, సాయంత్రం ఆట. ఆ తర్వాత కాంట్రాక్టులు వచ్చాయి. దాంతో ఆట బాగుపడిందని క్యాసెట్‌లో వ్యాఖ్యాతలు అంటుంటే బావగారు తల అడ్డంగా ఊపేవారు. "జీతం వచ్చిందంటే ఇంక ఒళ్ళు వాళ్ళది కాదండీ మాస్టారూ. మోకాలు పనిచేసినన్నాళ్ళూ భుజాలమీద ఎక్కించుకుంటారు. మోకాలు పోయిందనుకోండి, ఇంకోణ్ణి తెచ్చుకుంటారు. మా క్లబ్బులో మాకూ అంతేనండి, కాకపోతే మాకు చప్పట్లుండవు." ఆయన నవ్వుతూనే అనేవారు. నేనూ నవ్వేవాణ్ణి, బుద్ధి లేక.

ఆయన వెళ్ళిపోయాక ఆ అభిప్రాయాల్ని నేను పెంచి పోషించాను. ఆస్ట్రేలియా జట్టులో వెనక పరుగెత్తేవాళ్ళు బంగారం, ముందు నిలబడి తోసేవాళ్ళు నాసిరకం. ఎనిమిదిమంది ఇటూ ఎనిమిదిమంది అటూ తలలు కలిపి దున్నపోతుల్లా తోసుకునే ఘట్టం వచ్చిందంటే మనవాళ్ళు కూలబడేవారు. ("మనవాళ్ళు" అనేవాణ్ణి. పాస్‌పోర్టు కూడా లేని వెధవని.) దానికి విరుగుడుగా అక్కడి రగ్బీ బోర్డువాళ్ళు చేసిందేమిటయ్యా అంటే, పదమూడుమందితో ఆడే వేరే రగ్బీలోంచి ఖరీదైన పరుగుగాళ్ళని కొనుక్కురావడం. సొంత చెట్టుకి నీళ్ళు పొయ్యకుండా పక్కవాడి తోటలో కాయలు కొని కట్టే వ్యవహారం. పైగా ఉన్న సిడ్నీ, బ్రిస్బేన్, కాన్‌బెర్రా జట్లకే మనుషులు చాలక ఏడుస్తుంటే నాలుగోది పెట్టాలని కబుర్లు. ఇవన్నీ ఇంగ్లీషులో ఆరు పేజీల ఉత్తరం రాసి ఆస్ట్రేలియాకి పోస్టు చేశాను. జవాబు రాలేదు. తపాలా శాఖనే అనుమానించాను.

రెండువేల మూడు ఆగస్టులో బావగారి ఫోన్లు ఆగిపోయాయి. ప్రతి శుక్రవారం అక్కడ సెలవు కనుక సాయంత్రం ఆరింటికి ఇక్కడ ఫోను మోగేది. అక్కగారు తుడుచుకున్న చేతుల్నే మళ్ళీ తుడుచుకుని తీసేవారు. ఒక శుక్రవారం మోగలేదు, మరో శుక్రవారం మోగలేదు. క్లబ్బు నంబరుకి చేస్తే, కాంట్రాక్టు అయిపోయింది, వెళ్ళిపోయాడు అన్నారు. ఎక్కడికో వాళ్ళకి తెలియదు. ఊరికి మాత్రం వెంటనే తెలిసిపోయింది: అక్కడ ఇంకొకావిడ ఉందట. ఆ మాట ఎవరూ ఆవిడ ముందు అనలేదు, అందరూ ఆవిడ వెనకే అన్నారు. అప్పటినుంచి అక్కగారు ఒక పని చేయడం మొదలుపెట్టారు. శుక్రవారం ఆరవగానే, మోగని ఫోను తీసి చెవికి పెట్టుకుని, పక్కింటికి వినబడేలా, "ఆయ్, తిన్నానండి. మీరు తిన్నారా? ఒంట్లో బాగుంటుందా?" అనేవారు. మధ్యమధ్య జవాబు వినడానికి ఆగేవారు కూడా. ముందుగదిలో పరీక్షపేపర్లు దిద్దుకుంటున్న నాకు, ఫోను మోగలేదని తెలుసు. నాకు తెలుసని ఆవిడకి తెలుసు.

నవంబరులో ప్రపంచ కప్ ఆస్ట్రేలియాలోనే జరిగింది. సెమీఫైనల్లో మనవాళ్ళు న్యూజిలాండ్‌ని ఓడించేసరికి నాకు మతి పోయింది. ఇక ఇంగ్లండ్‌తో ఫైనలు, శనివారం, మన టైములో మధ్యాహ్నం రెండున్నరకి. తోసుకోవడంలో ఇంగ్లండువాళ్ళు రోడ్డురోలర్లు. మానవ ప్రయత్నం చాలదని తేల్చుకుని దైవసహాయం కోరాను. మా చర్చివాళ్ళకి గురువారం గురువారం ఎవరో ఒకరింట్లో ప్రార్థన కూడిక ఉంటుంది. మనవులున్నవాళ్ళు చీటీ రాసి బిస్కట్ల డబ్బాలో వేస్తే, పాస్టరు అయ్యగారు ఒక్కొక్కటీ పైకి చదివి ప్రార్థన చేస్తారు. ఆటకోసం రాస్తే అయ్యగారు చదవకపోగా సండేస్కూలు పిల్లల ఎదుట నిలబెడతారు. అందుకని ఇలా రాశాను: "ఆస్ట్రేలియాలో ఉన్న మా పెదనాన్నగారి అబ్బాయికి శనివారం మధ్యాహ్నం రెండున్నరకి పెద్ద ఆపరేషన్. జయం కలగాలని." మా నాన్నకి అన్నదమ్ములే లేరు. లోపలి అర్థం దేవుడు గ్రహిస్తాడులే అనుకున్నాను. టైము ఎందుకు వేశానంటే, ఆయన తెల్లవారుజామున దీవించేసి ఊరుకుంటాడేమోనని.

అయ్యగారు ఆ చీటీ చదివి కళ్ళు మూసుకుని, డాక్టర్ల చేతుల్నీ కత్తుల్నీ దారాల్నీ వేరువేరుగా దీవించారు. అక్కడితో అయిపోయిందనుకున్నాను. స్త్రీల సమాజం పెద్దావిడ లేచి, "అంత దూరంలో ఒంటరి బిడ్డండీ. శనివారం పొద్దుటినుంచి ఉపవాసం ఉందాం. ఆపరేషన్ అయిందని కబురొచ్చేదాకా మోకాళ్ళమీదే" అన్నారు. ఎక్కడ కూడుకోవాలి అన్నదానికి అక్కగారు, "మా ఇంట్లోనేనండి, మాస్టారుగారుండేది అక్కడే కదా" అన్నారు. ఇంట్లో అంతమంది పట్టేది ఒక్క గదిలోనే. టీవీ ఉన్నదీ ఆ గదిలోనే.

శనివారం ఒంటిపూట బడి. ఇంటికి వచ్చేసరికి టీవీమీద కుట్టుపని చేసిన తెల్లగుడ్డ కప్పి, దానిమీద బైబిలు పెట్టి ఉంది. నేను దానివంక చూడ్డం చూసి అక్కగారు దగ్గరకొచ్చారు. పొద్దుటినుంచి మంచినీళ్ళు కూడా ముట్టలేదు, పెదాలు పొరలు కట్టి ఉన్నాయి. "తమ్ముడూ, ఎవరితోనూ అనకు. మీ బావగారి గురించి నేను చీటీ వెయ్యలేను, పైకి చదివేస్తారు కదా. అందుకని దేవుణ్ణి ఒక గుర్తు అడిగేను. మీ అన్నయ్య ఈ ఆపరేషన్‌లోంచి బతికి బయటపడితే ఈయన క్షేమంగా ఉన్నట్టు. లేకపోతే లేనట్టు."

అప్పుడే చెప్పేయవలసింది. నాలుగు మాటలు చాలు. ఆ నాలుగు మాటలకి ధైర్యం లేక, "ఆయ్, బతుకుతాడండి" అన్నాను. ఒక మొగుడి ప్రాణం తీసుకెళ్ళి ఆస్ట్రేలియావాళ్ళ నాసిరకం ముందువరస భుజాలమీద పెట్టిన ఘనుణ్ణి ప్రపంచంలో నేనొక్కణ్ణే అయి ఉంటాను.

రెండున్నరకి మొదలుపెట్టాం. ఇరవైమంది ఆడవాళ్ళు, అయ్యగారు, నేను. డ్రిల్లు మాస్టారు రాజోల్లో కేబుల్ ఆఫీసు పక్కనే ఉంటాడని, ఆట అవగానే ఫలితం ఫోను చేసి చెప్పమని ముందే బతిమాలుకున్నాను. ఆస్ట్రేలియానుంచి కబురు ఆయన ద్వారా వస్తుందని వీళ్ళకి చెప్పాను. (అబద్ధానికి ఒక్కసారి గుడిసె వేస్తే పెంకుటిల్లు దానంతటదే లేస్తుంది.) నాలుగుంబావుకి అయిపోవాలి. నాలుగుంబావు దాటింది, ఫోను లేదు. స్కోరు సమానమై అదనపు సమయం ఆడుతున్నారని నాకేం తెలుసు? "ఆలస్యం అవుతుందంటే ఏదో జరిగిందండీ" అని పెద్దావిడ గొంతు పెంచారు. అందరూ ఏడుస్తూ ప్రార్థించడం మొదలుపెట్టారు. నా మోకాళ్ళు మొద్దుబారిపోయాయి. నేనూ ఏడుస్తూ ప్రార్థించాను, జీవితంలో మొదటిసారి నిజంగా. ప్రభువా, ఆ బోర్డువాళ్ళ అభిప్రాయాలూ నా అభిప్రాయాలూ అటుంచు, గెలిపించు, ఈవిడకోసం గెలిపించు.

అయిదవుతుండగా ఫోను మోగింది. అక్కగారు ఒక్క అడుగు అటు వేసి, ఆగిపోయి, నాకు దారిచ్చారు. డ్రిల్లు మాస్టారు తీరిగ్గా చెప్పాడు: "ఇంగ్లండోళ్ళు కొట్టేసేరండి. ఇంక ఒక్క నిమిషం ఉందనగా ఒకడు తన్నేడండి, బంతి కర్రల మధ్యనుంచి పోయింది. మనోళ్ళు పాపం బాగా ఆడేరండి." ఫోను పెట్టేసి వెనక్కి తిరిగాను. నా మొహంలో ఏం కనిపించిందో, వెనకనుంచి ఎవరో గొల్లుమన్నారు. అక్కగారు మాత్రం ఏడవలేదు. గోడ పట్టుకుని మెల్లగా కిందికి జారిపోయి, మెడలో పుస్తెలు పిడికిట్లో పట్టుకుని, నాకు మాత్రమే వినబడేటట్టు, "అయితే లేరన్నమాట" అన్నారు.

"బతికేడండి" అన్నాను. "అక్కగారూ, బతికేడు. ఆపరేషన్ బాగా జరిగిందట. సంతోషం పట్టలేక ఏడుపొచ్చిందండి."

స్తోత్రాలతో ఇల్లు దద్దరిల్లింది. అయ్యగారు నన్ను కౌగిలించుకున్నారు. అక్కగారు లేచి, కొంగుతో మొహం తుడుచుకుని, అంతమందికీ కాఫీలు పెట్టారు. ఆ తర్వాత శుక్రవారాలు ఆవిడ మోగని ఫోను ఎత్తడం మానేశారు. అవసరం లేకపోయింది. బావగారి చొక్కాలు ఉతికి, ఇస్త్రీ చేయించి, బీరువాలో పెట్టారు. క్రిస్మస్‌కి ఇంటికి సున్నం వేయించారు. పాఠం చెబుతుంటే ఆవిడ నవ్వు పక్క క్లాసులోంచి నాకు వినబడేది. నేను బోర్డుమీద లెక్కలు తప్పు చేసేవాణ్ణి.

జనవరి ఆఖర్లో కబురొచ్చింది. బావగారు క్లబ్బు వదిలాక ఇంకెక్కడో పనిలో చేరారు. పాస్‌పోర్టు పాత యజమాని దగ్గరే ఉండిపోయింది. ఆగస్టు మొదట్లో ఒక తెల్లవారుజామున, పనివాళ్ళ షెడ్డులో, నిద్రలోనే గుండె ఆగిపోయింది. ఎవరి మనిషో తేల్చడానికి అన్ని నెలలు పట్టింది. పెట్టె రావులపాలెం మీదుగా అంబులెన్సులో వచ్చింది. ఇంకొకావిడ ఉందన్నవాళ్ళే అందరికన్నా గట్టిగా ఏడ్చారు. మేం మోకరించిన శనివారానికే ఆయన పోయి మూడున్నర నెలలు. గుర్తు నిజమే చెప్పింది. అబద్ధం చెప్పింది నేను.

సమాధి అయిన మూడోరోజు చెప్పేద్దామనే అక్కగారి దగ్గరకెళ్ళాను. వరండాలో తెల్లచీరలో కూర్చుని ఉన్నారు. నేను నోరు తెరిచేలోపే, "మీ అన్నయ్య నడుస్తున్నాడా తమ్ముడూ?" అని అడిగారు.

"నడుస్తున్నాడండి."

"నేను ఇద్దరికోసం అడిగేను. ఒకళ్ళని ఇచ్చేడు. అసలేం ఇవ్వలేదని ఎలా అంటాను?"

ఇంక ఏం చెప్పను? ఉద్యోగం మారి కాకినాడ వెళ్ళిపోయాక కూడా, ఫోను చేసినప్పుడల్లా ఆవిడ ముందు అన్నయ్య సంగతే అడిగేవారు. ఆవిడ ఊరుకోకపోతే ఆ లేని అన్నయ్యకి పెళ్ళి చేశాను. ఒక ఆడపిల్లని పుట్టించాను. ఆ పిల్లకోసం కూడా ఆవిడ రోజూ ప్రార్థన చేసేవారట. చివరికి రెండువేల తొమ్మిదిలో అమలాపురం ఆసుపత్రిలో, మంచంమీద చిక్కి సగమైపోయి, నా చెయ్యి పట్టుకుని, "ఒక్కసారి వాణ్ణి చూడాలనుంది తమ్ముడూ. దేవుడు నాకిచ్చినవాడు కదా" అన్నారు. "ఆయ్, తీసుకొస్తానండి" అన్నాను.

ఇప్పుడు నాకు నెత్తి నెరిసింది. మనవాళ్ళు ఓడిపోతూనే ఉన్నారు, నా దగ్గర అభిప్రాయాలు ఉంటూనే ఉన్నాయి, వినేవాడే లేడు. కాని ఆ సాయంత్రం కాకినాడ బస్సులో కూర్చున్న ముప్ఫై ఏళ్ళ లెక్కల మాస్టారు అప్పుడప్పుడు గుర్తొస్తాడు. తెలిసినవాళ్ళలో నలభై ఏళ్ళవాడు, కాస్త తెల్లగా ఉండేవాడు, ఒక్క పూట నాకు అన్నయ్యగా ఉండడానికి ఒప్పుకునేవాడు ఎవరున్నారా అని దారిపొడుగునా నిజంగానే వెతుక్కున్నాడు, పిచ్చివాడు. ఒకతన్ని ఒప్పించాడు కూడా. కొత్త చొక్కా కొని తొడిగించి, ఆదివారం ఇద్దరూ బయల్దేరేసరికి, ఆవిడ శనివారం రాత్రే వెళ్ళిపోయారని ఫోనొచ్చింది.